నీళ్లు పోతాయి, ఒండ్రు ఉండిపోతుంది

(కడపలో ఒక ఆదివారం సాయంత్రం రైతులు, విద్యార్థులు కూడిన సభలో, మట్టి పరీక్షల పనిలో ఉండి రిటైరైన ఒక నేల శాస్త్రజ్ఞుడి ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. మాట్లాడే ముందు ఒక పని చేస్తాను, చూడండి. ఇవి రెండు గాజు సీసాలు. రెండిట్లోనూ ఉండేది ఒకటే మట్టి, పొద్దున వేంపల్లె దగ్గర పాపాఘ్ని ఏట్లో తీసుకొచ్చిన ఒండ్రు. రెండిట్లోనూ ఒకటే నీళ్లు. ఈ ఎడమ సీసాలో చిటికెడు జిప్సం వేసినాను. కుడి సీసాలో చిటికెడు బట్టల సోడా వేసినాను. ఇదిగో, మీ ముందరే రెండూ బాగా ఊపుతున్నా. రెండూ టీ రంగుకొచ్చినాయి కదా? ఇక్కడ బల్ల మీద పెడుతున్నాను. ముందు వరసలో కూర్చున్న పిల్లలూ, వీటిని కదిలించొద్దు. నేను మాట్లాడినంతసేపూ మీరు వీటినే చూస్తా ఉండండి. చివర్లో మిమ్మల్నే అడుగుతాను.

పోయిన నెల ఒక పెద్దాయన నన్ను నిలబెట్టి అడిగినాడు. "సార్, మా బోరు నీళ్లు టెస్టు చేయించినాం. బాగున్నాయని కాగితం ఇచ్చినారు. ఇంక భయమేముంది?" అని. నాకు వెంటనే జవాబు చెప్పడానికి నోరు రాలేదు. ఆయన అడిగిన ఆ ఒక్క ప్రశ్నకు జవాబే ఈ పొద్దు నా ప్రసంగమంతా. నీళ్లు బాగున్నాయి అంటే నేల బాగున్నట్టేనా? ఇదీ ప్రశ్న. మన జిల్లాలో యురేనియం గని ఉంది కదా, భయం దాని గురించే.

ముందు మిమ్మల్ని చాలా దూరం తీసుకుపోతాను. రష్యాలో ఉరల్ కొండల దగ్గర తేచా అని ఒక చిన్న ఏరు ఉంది. చిన్నదే. పొడవు 240 కిలోమీటర్లు ఉంటుంది, అంతే. మన పెన్నలో సగం కూడా లేదు. ఆ ఏటి పైభాగాన 1948లో మాయక్ అనే కర్మాగారం నడవడం మొదలైంది. అణుబాంబుకు కావాల్సిన ప్లుటోనియం తీసే ఫ్యాక్టరీ అది. అందులోంచి వచ్చే ద్రవ వ్యర్థాన్ని 1949 నుంచి 1956 దాకా నేరుగా ఆ ఏట్లోకి వదిలినారు. ఎంత? 7.6 కోట్ల ఘనపు మీటర్లు. అందులో రేడియోధార్మికత సుమారు 27 లక్షల క్యూరీలు. క్యూరీ అంటే రేడియోధార్మికతకు పాత కొలత. చాలా భాగం 1950, 51 ఈ రెండేళ్లలోనే పోయింది. ఏటి గట్టున నలభై దాకా ఊళ్లు, 28 వేల మంది జనం. ఊళ్లలో బావులు తక్కువ. తాగడానికి ఏరే, వంటకు ఏరే, బట్టలకు ఏరే, గొడ్లకు ఏరే. కూరగాయల పాదులకూ ఏటి నీళ్లే. వాళ్లకెవరూ ఒక్క మాట చెప్పలేదు. బాంబు రహస్యం కదా, అందుకని.

1951 ఎండాకాలం మొదట్లో మంచు కరిగి ఏటికి వరదొచ్చింది. వరద గట్టు దాటి పచ్చిక బయళ్ల మీద పరుచుకుంది, తర్వాత తీసింది. నీళ్లు తీసినాయి. తెచ్చిన బురద మాత్రం అక్కడే నిలిచింది. ఆ బురద మీద గడ్డి మొలిచింది. ఆ గడ్డి ఆవులు తిన్నాయి. ఆ పాలు పిల్లలు తాగినారు. ఇంతే కథ. ఇందులో అర్థం కాని సైన్సు ఏమన్నా ఉందా? ఏ తల్లికైనా అర్థమవుతుంది.

తర్వాత ముళ్లకంచెలు వేసినారు, ఏటి దగ్గరికి పోనీయకుండా కాపలా పెట్టినారు, కొన్ని ఊళ్లలో బావులు తవ్వినారు. సుమారు 7,500 మందిని ఊళ్లు ఖాళీ చేయించి వేరే చోట్లకు పంపినారు. ఎందుకు పంపుతున్నారో మాత్రం చెప్పలేదు. కంచె ఎందుకో చెప్పకపోతే జనం ఏం చేస్తారు? కంచె కింద దూరి గొడ్లను తోలుకుపోతారు. మనమైనా అదే చేస్తాం. పచ్చిక అక్కడే ఉంది మరి!

1956 తర్వాత ఏట్లోకి వదిలేది బాగా తగ్గించినారు. నీళ్లు ఏడాదికేడాది తేలికపడినాయి. ఇప్పుడు ఆ పెద్దాయన ప్రశ్న గుర్తు పెట్టుకోండి. నీళ్లు తేలికపడినాయి, నేల పడలేదు. ఆ వ్యర్థంలో ఉన్న రేడియోధార్మిక పదార్థాల్లో స్ట్రాన్షియం-90 సగం కావడానికి సుమారు 29 ఏళ్లు, సీసియం-137 సగం కావడానికి సుమారు 30 ఏళ్లు. పై భాగంలో ఉన్న చిత్తడి నేలలు, వరద మేటలు ఆ సరుకునంతా పట్టుకొని కూర్చున్నాయి, ఏటా కొంచెం కొంచెం మళ్లీ ఏటికి వదులుతున్నాయి. డెబ్బై ఏళ్లు దాటినా ఆ ఏటి గట్టు మట్టిలో అవి ఇంకా ఉన్నాయి.

ఎందుకు పట్టుకుంటుంది మట్టి? ఇసుక పట్టుకోదు. బంకమట్టి పట్టుకుంటుంది. బంకమట్టి రేణువు ఒక పలకల కట్ట లాంటిది, మన కడప బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. సీసియం పోయి ఆ పలకల అంచుల సందుల్లో ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే ఇంక సులభంగా రాదు. అందుకే నేను ఎప్పుడూ చెప్తుంటాను, ఏట్లో ఇసుక తీసి పరీక్షకు పంపి "ఏమీ లేదు" అనుకోవద్దండీ అని. వరద నిదానించే చోట, మలుపు లోపలి పక్కన, చెరువు అలుగు ముందర, మెత్తటి మట్టి ఎక్కడ కూర్చుంటుందో అక్కడ చూడాలి.

ఇంక ఒంట్లోకి పోతే ఏమవుతుంది? ఈ సంగతి మన జిల్లాలో చెప్పడం సులభం. మీలో ఎందరికి ఫ్లోరైడు ఊళ్లు తెలుసు? చేతులెత్తండి. చూసినారా, సగం మంది. పళ్లు చూసి ఏ ఊరి నీళ్లు తాగి పెరిగినాడో చెప్పేస్తాం కదా మనం. వెన్ను వంగిన పెద్దవాళ్లను చూసినాం. ఫ్లోరైడు ఎముకను, పన్నును వెతుక్కుంటూ పోతుంది. స్ట్రాన్షియం కూడా అంతే. రసాయనంగా అది కాల్షియానికి దాయాది. ఒళ్లు దాన్ని సున్నమనుకొని ఎముకలో పెట్టుకుంటుంది. అయితే ఫ్లోరైడు నుంచి రేడియేషన్ రాదు, ఇది ఎముకలో కూర్చొని ఏళ్ల తరబడి మూలుగను కాలుస్తా ఉంటుంది. రక్తం తయారయ్యేది ఆ మూలుగలోనే. తేచా జనంలో డాక్టర్లు ఏం చేసినారో తెలుసా? 1959 నుంచి వాళ్ల ముందు పళ్ల దగ్గర చిన్న పరికరం పెట్టి, పన్నులోంచి వచ్చే రేడియేషన్ కొలిచినారు. 1950, 51లో పన్ను కడుతున్న వయసు పిల్లలెవరో, వాళ్ల పళ్లే సాక్ష్యం చెప్పినాయి.

ఆ జనంలో 940 మందికి దీర్ఘకాలిక రేడియేషన్ జబ్బు అని డాక్టర్లు రాసినారు. తర్వాత దశాబ్దాల పాటు చేసిన అధ్యయనాల్లో, డోసు ఎక్కువైన కొద్దీ రక్త క్యాన్సరు, ఇతర క్యాన్సర్లు ఎక్కువైనట్టు తేలింది. ఎట్లా తేలింది? ఇది జాగ్రత్తగా వినండి. ఏ ఊళ్లో ఎవరున్నారు, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా ఉన్నారు, ఎప్పుడు వెళ్లిపోయినారు, దేంతో చనిపోయినారు అని పేరు పేరునా జాబితా ఉంది కాబట్టి తేలింది. ఆ జాబితా లేకపోతే? ఒక్కో ఇంట్లో ఒక్కో చావు. ఎవరి ఖర్మ వాళ్లది అని అనుకొని పోయేవాళ్లు. ఒక మనిషిని చూసి ఇతనికి క్యాన్సరు రేడియేషన్ వల్లే వచ్చిందని ఏ డాక్టరూ చెప్పలేడు. వేల మందిని, ముప్పై నలభై ఏళ్లు చూస్తేనే లెక్క కనపడుతుంది.

సరే, రష్యా సంగతి చాలు, మన దగ్గరికి రండి సార్ అంటారు మీరు. వస్తున్నా.

2021 నవంబరు 19 తెల్లవారుజాము. చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఇక్కడ ఆ కింది ఊళ్ల వాళ్లు కూడా ఉన్నారు, నేను ఎక్కువ చెప్పను. ఆ తర్వాత నేను పోయి చూసినాను. పొలాల మీద మనిషి ఎత్తున ఇసుక మేటలు. గట్లు లేవు, హద్దురాళ్లు లేవు. పైన ఎక్కడిదో మట్టి కింద ఎవరి పొలంలోకో వచ్చింది. వరద ఒక్క పూటలో అంత పని చేస్తుంది. ఇప్పుడు ఇంకో కట్ట సంగతి. అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రం, చర్చ్‌రాక్ అనే చోటు. 1979 జూలై 16, అది కూడా తెల్లవారుజామే. యురేనియం మిల్లు వ్యర్థాల చెరువు కట్ట తెగి, సుమారు 35 కోట్ల లీటర్ల ఆమ్ల జలం, 1,100 టన్నుల బురద ప్యూర్కో అనే వంకలో పడినాయి. ఆ వంక పక్కన గొర్రెలు మేపుకొనే నవాహో జనం ఉండేవాళ్లు. చెయ్యేరు చూసినవాళ్లకు, నేను ఇంక వివరించాల్సిన పని లేదు.

మన జిల్లాలో వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది, మిల్లు ఉంది. 2012లో మిల్లు మొదలైంది. రోజుకు 3,000 టన్నుల ఖనిజం ఆడించే సామర్థ్యం. ఆ ఖనిజంలో యురేనియం ఎంత? నూటికి 0.05 కంటే తక్కువే. అంటే టన్ను రాయి నూరితే అర కిలో కూడా రాదు. మిగిలిందంతా మెత్తటి పిండి, బురదగా కొట్టాల అనే ఊరి దగ్గర వ్యర్థాల చెరువులోకి పోతుంది. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. "యురేనియం తీసేసినారు కదా, మిగిలింది ఉత్త మట్టే కదా" అంటారు. కాదు. యురేనియం ఒంటరిగా ఉండదు రాయిలో. దాని సంతానం ఉంటుంది, అంటే యురేనియం మెల్లగా విచ్ఛిన్నమై పుట్టే పదార్థాలు. థోరియం-230, రేడియం-226, దాంట్లోంచి పుట్టే రాడాన్ వాయువు. మిల్లు యురేనియాన్ని తీసుకొని, సంతానాన్ని చెరువులో వదిలేస్తుంది. రాయిలో మొదట ఉన్న రేడియోధార్మికతలో సుమారు 85 శాతం ఆ పిండిలోనే ఉండిపోతుంది. రేడియం సగం కావడానికి 1,600 ఏళ్లు. థోరియం-230కి 75 వేల ఏళ్లు. ఆ చెరువు అడుగున ఊట దిగకుండా వేయాల్సిన పొర సరిగా వేసినారా లేదా అన్నదే వివాదం. చుట్టుపక్కల రైతులు ఊట వస్తోందంటారు, నిర్వాహకులు లేదంటారు. నేను ఈ వేదిక మీద తీర్పు చెప్పడానికి రాలేదు. తీర్పు చెప్పాలంటే ఏం కొలవాలో చెప్పడానికి వచ్చినాను.

మన భయం కూడా సరైన కొలతలో ఉండాలి, అందుకే ఇది కూడా చెప్పాలి. రేడియోధార్మికత లేని మట్టి భూమ్మీద లేదు. మామూలు మట్టిలో కిలోకు సుమారు 35 బెక్వెరెల్ యురేనియం ఉంటుంది. బెక్వెరెల్ అంటే సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నం కావడం. మన ఒంట్లో పొటాషియం వల్లే నాలుగు వేల బెక్వెరెల్ ఉంటాయి, అందరికీ, నాకూ మీకూ. మనిషికి ప్రకృతి నుంచి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టుల రేడియేషన్ అందుతుంది. మిల్లీసీవర్టు అంటే ఒంటికి తగిలే డోసుకు కొలత. కేరళలో కరునాగపల్లి తీరాన ఇసుకలోనే థోరియం ఉంది, అక్కడ మామూలు కంటే చాలా ఎక్కువ. ఏళ్ల తరబడి పరిశీలించినా అక్కడ క్యాన్సర్లు పెరిగినట్టు తేలలేదు. మన గ్రానైటు బోర్లలో కూడా గని ఏమీ లేకుండానే యురేనియం ఉండొచ్చు. కాబట్టి "ఉందా?" అని అడిగితే ఉపయోగం లేదు. ఎక్కడైనా ఉంటుంది. "ముందు ఎంత ఉండేది, ఇప్పుడెంత ఉంది, గట్టు పైనెంత, కిందెంత?" అని అడగాలి.

నేను పోయిన ఒక అరటి తోట సంగతి చెప్తాను. ఊరు పేరు, మనిషి పేరు చెప్పను. ఆయన నన్ను డ్రిప్పు దగ్గరికి తీసుకుపోయినాడు. లాటరలు, అంటే చెట్లకు నీళ్లు చుక్కలుగా వదిలే సన్న పైపులు, తీసి నేల మీద కొట్టినాడు. తెల్లటి పెచ్చులు రాలినాయి. చెట్టు మొదట్లో నేల మీద కూడా తెల్లగా, పాలచౌడు మాదిరి. గుణపంతో పొడిస్తే పైన అట్ట కట్టినట్టుంది, దాని కింద తడి లేదు. నీళ్లు పారుతున్నాయి, లోపలికి దిగడం లేదు. ఆకులు అంచుల నుంచి మాడుతున్నాయి. ఆయన ఇల్లాలు ఒక ఇత్తడి బిందె తెచ్చి చూపించింది. లోపల గోరుతో గీకితే రాలే తెల్లటి పొర. "ఇదేనా సార్ రేడియేషను?" అని అడిగింది ఆమె.

కాదమ్మా, అని చెప్పినాను. రేడియేషన్ కంటికి కనపడదు, రుచి ఉండదు, వాసన ఉండదు. మీకు కనపడేది ఉప్పు, సోడా, సున్నం.

ఇప్పుడు ఆ సీసాలు చూడండి. ముందు వరస పిల్లలూ, చెప్పండి. ఎడమ సీసాలో? పైన నీళ్లు తేరినాయి, మట్టి అడుక్కు పోయింది. కుడి సీసాలో? ఇంకా టీ రంగే. అంతే కదా? చిటికెడు సోడా చాలు. సోడియం ఎక్కువైతే బంకమట్టి రేణువులు ఒకదాన్నొకటి విడిచి తేలిపోతాయి. నేలలో అదే జరిగితే సన్న రంధ్రాలన్నీ పూడుకుపోతాయి. వేరుకు గాలి అందదు. తుమ్మలపల్లె మిల్లులో యురేనియాన్ని కరిగించేది ఆమ్లంతో కాదు. అక్కడి రాయి డోలమైటు, సున్నపురాయికి చుట్టం. ఆమ్లం పోస్తే పొంగి వృథా అవుతుంది. అందుకని సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్‌తో కరిగిస్తారు. అంటే బట్టల సోడా, వంట సోడా. అందుకే ఆ చుట్టుపక్కల తోట చౌడు బారితే అది మన పాత చౌడా, కొత్తగా వచ్చిందా అని చూడటం ముఖ్యం. దానికి అణుశాస్త్రం అక్కర్లేదు, మామూలు మట్టి పరీక్ష చాలు. ఉదజని సూచిక (పీహెచ్), లవణ సాంద్రత, సోడియం. ఇది ఒక తొలి గుర్తు. ఊట నిజంగా వస్తుంటే ముందు సోడియం పలుకుతుంది.

ఇంకో సంగతి. బైకార్బొనేట్ ఉన్న నీళ్లలో యురేనియం మట్టికి అతుక్కోదు, నీళ్లతో పాటే ప్రయాణం చేస్తుంది. రేడియం అట్లా కాదు, చాలా భాగం మట్టికి అతుక్కొని ఉంటుంది. అర్థమైందా పెద్దాయన ప్రశ్నకు జవాబు? నీళ్లు పరీక్ష చేస్తే మీకు యురేనియం సంగతి తెలుస్తుంది. రేడియం సంగతి తెలియాలంటే ఒండ్రును అడగాలి. రెండు వేర్వేరు దారుల్లో పోయే దొంగలు. ఒక దారిలో కాపలా పెట్టి రెండో దారి వదిలేస్తే ఎట్లా?

యురేనియం ముందుగా దెబ్బ తీసేది మూత్రపిండాలను, అదీ రేడియేషన్‌తో కంటే రసాయన విషంగా. తాగే నీళ్లలో లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ, 60 దాటొద్దని మన అణుశక్తి నియంత్రణ మండలి చెప్పినాయి. నీళ్లు మరగబెడితే ఇది పోదు, ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో ప్లాంటులో చాలావరకు పోతుంది. రేడియం ఎముకకు పోతుంది, స్ట్రాన్షియం మాదిరే. రాడాన్ ఊపిరితిత్తులకు. పొగ తాగడం తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సరుకు పెద్ద కారణాల్లో అదొకటి. ఒంటి మీద దురదలు, పుళ్లు వస్తే వెంటనే రేడియేషన్ అనుకోవద్దు. డాక్టరుకు చూపించండి, నీళ్లు కూడా పరీక్ష చేయించండి, దేనివల్లో తేల్చుకోండి.

ఇప్పుడు అన్నిటికంటే నన్ను నిద్రపోనివ్వని సంగతి. మన సీమలో ఎండాకాలం వస్తే ఏం చేస్తాం? చెరువు ఎండుతుంది, పూడిక మట్టి తీసి ట్రాక్టర్లతో పొలాలకు తోలుకుంటాం. మన తాతలు ఎద్దుల బండ్లతో తోలినారు. ఎర్రనేలకు చెరువు మట్టి పడితే నాలుగేళ్లు పంట చూసుకోనక్కర్లేదు. చీనీ తోటలకు, బుడ్డల పొలాలకు అది బలం. అంత మంచి ఆచారం. కానీ చెరువు మట్టి అంటే ఏమిటి? పైనున్న వంకలన్నీ కడిగి తెచ్చిన మెత్తటి ఒండ్రు. పైన ఏది కలిసినా అక్కడికే వస్తుంది. తేచాలో వరద తెచ్చి పరిచింది. మనం మన ట్రాక్టర్లతో, డీజిలు పోసుకొని పరుచుకుంటాం. తోలొద్దని నేను చెప్పడం లేదు. చెరువు మట్టి లేకపోతే ఈ నేల బతకదు, అది నాకు తెలుసు. గని వైపు నుంచి నీళ్లొచ్చే చెరువులైతే, తోలే ముందు ఒక్కసారి పరీక్ష చేయించండి అంటున్నాను.

పాడైతే బాగు చేయొచ్చా అని అడుగుతారు. జపాన్‌లో ఫుకుషిమా తర్వాత సీసియం పై ఐదు సెంటీమీటర్లలోనే ఎక్కువగా నిలిచింది. ఆ పొర గీకి తీసినారు. దాదాపు కోటీ నలభై లక్షల ఘనపు మీటర్ల మట్టి. నల్ల సంచుల్లో కట్టి పెట్టినారు. వరి మళ్లకు పొటాష్ ఎక్కువ వేసినారు. ఎందుకంటే సీసియం పొటాషియానికి దాయాది. పొటాష్ సమృద్ధిగా ఉంటే మొక్క సీసియాన్ని తక్కువ తీసుకుంటుంది. తెలివైన పని. కానీ ఆలోచించండి, పై పొర గీకేస్తే రైతుకు మిగిలేదేమిటి? వందల ఏళ్ల సారమంతా ఆ పొరలోనే ఉంది. రేడియానికైతే పొటాష్ మందు పని చేయదు. అందుకే రాకముందు చూసుకోవడమే.

కొలత ఎట్లా తీయాలో చెప్పి ముగిస్తాను. నోటు పుస్తకం తెచ్చినవాళ్లు రాసుకోండి. పై ఐదు సెంటీమీటర్ల మట్టి ఒక సంచి. దాని కింద పదిహేను దాకా ఇంకో సంచి. కలపొద్దు. కలిపితే పైన కొత్తగా వచ్చింది కింది మట్టిలో కరిగి కనపడకుండా పోతుంది. గని నీళ్లు పారే వైపు కొన్ని, అసలు పారని ఎగువ వైపు కొన్ని. ఎగువది లేకుండా దిగువది తెస్తే నేను ఏమీ చెప్పలేను. ఫోనులో ఆ చోటు లొకేషన్ సేవ్ చేసుకోండి. నీడలో ఆరబెట్టండి. సంచి మీద తేదీ, పొలం, లోతు రాయండి. మామూలు మట్టి పరీక్ష కేంద్రంలో సోడియం చూస్తారు, రేడియం చూడలేరు. దానికి గామా స్పెక్ట్రోమీటరు, అంటే మట్టి నుంచి వచ్చే గామా కిరణాలను కొలిచే పరికరం, ఉన్న ప్రయోగశాల కావాలి. అక్కడ మట్టిని డబ్బాలో గాలి చొరకుండా మూసి దాదాపు నెల రోజులు ఆపుతారు, రేడియంలోంచి పుట్టే రాడాన్ డబ్బాలోనే నిలిచి లెక్క సమం కావడానికి. కాబట్టి "వారంలో రిపోర్టు" అని ఎవరన్నా ఇస్తే, అందులో ఏం కొలిచినారో అడగండి.

2024లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల దగ్గర యురేనియం అన్వేషణ బోర్లు వేస్తారని తెలిసి ఊళ్లన్నీ రోడ్డెక్కినాయి. ఆ ఊళ్ల వాళ్లకు నేను చెప్పింది ఒకటే. మీకున్నది ఇక్కడ మాకు లేనిది. ఏమీ తవ్వకముందు మట్టి మీ దగ్గర ఉంది. ఇప్పుడే తీసి డబ్బాల్లో పెట్టండి. మా దగ్గర 2012కు ముందు తీసిన మట్టి ఏ రైతు ఇంట్లోనూ లేదు. ఉంటే ఈ పొద్దు ఇన్ని వాదనలు ఉండేవి కావు.

ఇంకొకటి, ఊరి జాబితా. ప్రతి ఊళ్లో ఒక చదువుకున్న పిల్లో పిల్లోడో ఒక పుస్తకం పెట్టండి. ఎవరి ఇంట్లో ఎందరు, ఏ బోరు నీళ్లు తాగుతారు, ఎవరికి ఏ జబ్బు వచ్చింది, ఏ ఆసుపత్రిలో చూపించినారు, ఎప్పుడు పోయినారు. ఏఎన్‌ఎం అక్కను, ఆశా అక్కను తోడు పెట్టుకోండి. పుస్తకం ఊళ్లోనే ఉండాలి, దాంట్లోని జబ్బుల సంగతి బజార్లో పడకూడదు. వచ్చే నెల రెండో ఆదివారం నేను మళ్లీ వస్తాను. సంచులు, పుస్తకాలు తీసుకురండి, కూర్చొని చూద్దాం.

ఆ కుడి సీసా ఇంకా తేరలేదు చూడండి. దాన్ని అట్లాగే ఉంచండి, రేపు పొద్దున చూసి చెప్పండి. ఆ వెనక గోడ దగ్గర చెయ్యెత్తిన అమ్మా, మైకు ఇస్తారు, ముందు మీరడగండి.